మీ కౌంటరు వేళ, మా వాళ్ల పని వేళ: విజయవాడ అధికారులకు బహిరంగ లేఖ

విజయవాడ నగరపాలక సంస్థ కమిషనర్ గారికి, ఎన్టీఆర్ జిల్లా కలెక్టర్ గారికి, 64 డివిజన్ల ప్రజాప్రతినిధులకు, ఈ నగరంలో ఏ తలుపు ఎన్నింటికి తెరవాలో ఎన్నింటికి మూయాలో నిర్ణయించే అధికారులందరికీ

నమస్కారం.

ఈ ఉత్తరానికి కారణం ఒక చూపుడువేలు. మా వీధి ఊడ్చే అక్కది.

సత్యనారాయణపురంలో మా సందు, పక్క సందు, వాటి వెనక మురుగు కాలువ గట్టు ఆమె వంతు. పద్ధెనిమిదేళ్లుగా ఆ చేతిలో చీపురు కర్ర తిరుగుతూనే ఉంది. కర్ర రాపిడి, బ్లీచింగు పొడి, సున్నం కలిసి వేలి కొసను ఏటిరాయిలా నున్నగా చేశాయి. మొన్న మా అరుగు మీద కూర్చుని వెలుతురులో పెట్టి చూపించింది. గీతలు ఉండవలసిన చోట పలచని మెరుపు, రెండు పగుళ్లు, పగుళ్లలో ఇరుక్కున్న నల్లటి మట్టి. రేషను దుకాణంలో మిషను మీద పెడితే ఆ వేలు ఎవరిదో మిషనుకు తెలియడం లేదు. కూతురి వేలిముద్ర పడుతోంది కాబట్టి ఇంటికి బియ్యం వస్తున్నాయి. ఆ కూతురు వచ్చే నెలలో పెళ్లి చేసుకుని అత్తవారింటికి వెళ్లిపోతుంది. ఆలోగా అక్క తన వేలిముద్రలను ఆధార్‌లో కొత్తగా నమోదు చేయించుకోవాలి.

మొదటిసారి ఉదయం డ్యూటీ దిగి, చేతులు కడుక్కుని, పదకొండున్నరకు ఒక నమోదు కేంద్రానికి వెళ్లింది. టోకెన్లు తొమ్మిదిన్నరకే అయిపోయాయి, రేపు పొద్దున్నే రమ్మన్నారు. పొద్దున్నే అంటే ఎన్నింటికి బాబూ అని అడిగితే, ఎనిమిదికల్లా వచ్చి వరుసలో నిలబడాలని చెప్పారు. ఎనిమిదికి ఆమె మా సందు చివర చెత్త పోగు చేస్తూ ఉంటుంది. రెండోసారి మేస్త్రిని బతిమాలి మధ్యలో వెళ్లింది. టోకెను దొరికింది, 63వ నంబరు. ఒంటిగంటన్నరకు 51 నడుస్తుండగా సిబ్బంది భోజనానికి లేచారు. రెండింటికి సాయంత్రం మస్టరు. ముఖం చూపించి హాజరు వేయించుకోకపోతే పూట పోతుంది. టోకెను పక్కన నిలబడ్డ ముసలాయన చేతిలో పెట్టి వచ్చేసింది. మూడోసారి రోజంతా పని మానుకుని వెళ్లింది. ఆ రోజు సర్వరు పనిచేయలేదు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. అక్కడ ఎవరూ ఆమెను కసురుకోలేదు, లంచం అడగలేదు. కౌంటరులోని కుర్రవాడు మంచినీళ్ల సీసా కూడా ఇచ్చాడట. మనుషుల తప్పేమీ లేకుండానే ఆమెకు ఒక రోజు కూలి, రెండు రోజుల మనశ్శాంతి పోయాయి. కౌంటరు తెరిచి ఉండే వేళలో ఆమె వీధిలో ఉంటుంది, ఆమె ఖాళీగా ఉండే వేళలో కౌంటరు మూసి ఉంటుంది. నా ఫిర్యాదు ఆ వేళల మీదే.

నా సంగతి రెండు మాటలు. ఒక దినపత్రిక డెస్కులో 22 ఏళ్లుగా రాత్రి పని చేస్తున్నాను. సాయంత్రం ఐదింటికి కూర్చుంటే జిల్లా పేజీలు పదిన్నర ప్రాంతంలో, నగరం పేజీలు అర్ధరాత్రి దాటాక వదులుతాం. ఇంటికి చేరేసరికి రెండు. వెంటనే నిద్ర పట్టదు, కళ్ల ముందు శీర్షికలు తిరుగుతూనే ఉంటాయి. అందుకని అరుగు మీద కూర్చుంటాను. నగరమంతా పడుకుంది అనుకునే ఆ వేళ మా వీధిలో ఎంతమంది నడుస్తారో ఆ అరుగు మీద కూర్చుంటేగానీ తెలియదు. జక్కంపూడి కాలనీ నుంచి అయిదుగురు ఆడవాళ్లు కలిసి ఆటో మాట్లాడుకుని, మనిషికి ముప్పై రూపాయలు వేసుకుని, నాలుగున్నరకు కూడలిలో దిగడం చూశాను. ఇంటికి వెళ్లేటప్పుడు బస్సు ఉంటుంది, పనికి వచ్చేటప్పుడే ఉండదు అన్నది అక్క. రోజుకు ముప్పై అంటే నెలకు ఎంతో లెక్క వేయండి. ఊడ్చే పని చేసే మనిషికి అది చిన్న మొత్తం కాదు.

ఈ వేళల సంగతి నాకు కొత్తగా తెలిసింది కూడా కాదు. మా నాన్నగారు రైల్వే డ్రైవరు. ఇప్పుడు బీఆర్టీఎస్ రోడ్డు అంటున్న చోట అప్పట్లో రైలు పట్టాలుండేవి. మేము ఆ పక్క క్వార్టర్లలో పెరిగాం. రాత్రి ఏ వేళలోనైనా కాల్ బాయ్ సైకిలు వేసుకుని వచ్చేవాడు. చంకలో కాల్ బుక్కు, చేతిలో టార్చిలైటు. తలుపు మీద రెండుసార్లు తట్టి "డ్రైవరుగారూ" అని ఒక్కసారే పిలిచేవాడు. నాన్న లేచి, వరండాలో దీపం కింద నిలబడి సంతకం పెట్టి, పక్కన టైము వేసేవారు. రెండు గంటల్లో ఇంజను దగ్గర ఉండాలి. అమ్మ అప్పుడు పొయ్యి వెలిగించేది. అర్ధరాత్రి ఒంటిగంటకు ఉడుకుతున్న అన్నం వాసన నా బాల్యపు వాసన. పగలు నాన్న నిద్రపోతుంటే మేము నలుగురం పిల్లలం సైగలతో ఆడుకునేవాళ్లం. కూరగాయల బండి అతను కూడా మా గుమ్మం ముందు కేక వేసేవాడు కాదు, గొళ్లెం మెల్లగా కదిపేవాడు. మా నాన్న పని వేళ వీధిలో కూరగాయలమ్మే మనిషికి తెలుసు. బ్యాంకుకు తెలియదు. ఒక సంతకం పెట్టడానికి ఆయన ఆరు వారాలు తిరిగారు. ఆయన ఊళ్లో ఉండి మెలకువగా ఉన్న పగలు, బ్యాంకు తెరిచి ఉన్న పగలు కలవడానికి అంత కాలం పట్టింది.

ఈ నగరం రోజు ఎన్నింటికి మొదలవుతుందని మీరు అనుకుంటున్నారు? మీ బోర్డుల మీద పదిన్నర అని ఉంటుంది. మూడింటికి పాల వ్యాన్లు బూత్‌ల ముందు ట్రేలు దించుతాయి. నాలుగింటికి మా పత్రిక కట్టలు కూడళ్లలో పడతాయి. డిగ్రీ చదివే కుర్రాళ్లు ప్లాట్‌ఫారం మీద బాసిపట్లు వేసుకుని కరపత్రాలు లోపల దోపి, ఆరున్నరలోగా ఇళ్లకు వేసి, తొమ్మిదికి క్లాసులో కూర్చుంటారు. ఆ నాలుగింటికే పూలమ్మే ఆడవాళ్లు వన్‌టౌన్ మార్కెట్టులో చామంతి, బంతి, మల్లె బేరమాడి బుట్టలకెత్తుకుంటారు. పగలంతా కట్టి, గుడి ముందు కూర్చుని, రాత్రి తొమ్మిదికి వాడిన మూరలు కృష్ణలో వదిలి ఇంటికి వెళతారు. సిటీ బస్సు డ్రైవరు తెల్లవారుజామున స్టీరింగు పడితే నడుమ కాసేపు విరామం, మళ్లీ సాయంత్రం రద్దీ. చేతిలో ఉన్న పని ఎనిమిది గంటలే అయినా మనిషి పన్నెండు గంటలు పనికి కట్టుబడి ఉంటాడు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే ఆ పన్నెండు గంటల పరిధిని ఒప్పుకున్నది. ప్రభుత్వాసుపత్రి నర్సమ్మ ఈ వారం ఉదయం ఎనిమిది నుంచి రెండు, వచ్చే వారం రెండు నుంచి ఎనిమిది, ఆపై వారం రాత్రి ఎనిమిది నుంచి తెల్లారి ఎనిమిది.

కృష్ణ దాటి గుంటూరు వెళితే ఇంకో గడియారం. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి యార్డులో రాత్రంతా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగుతూనే ఉంటాయి. ఉదయం బేరాలు, ఆ తర్వాత కాటాలు, లోడింగు. హమాలీకి సీజనులో పగలూ రాత్రీ తేడా ఉండదు. యార్డుకు ఎండాకాలం సెలవులిచ్చినప్పుడు మాత్రం రోజంతా ఖాళీ, చేతిలో డబ్బు కూడా ఖాళీ. తొడిమలు తీసే ఆడవాళ్లు మొహానికి గుడ్డ చుట్టుకుని పొద్దు గుంకేదాకా కూర్చుంటారు. మా పిన్ని ఆ పని చేసేది. ఇంటికి వచ్చి మూడుసార్లు చేతులు కడిగినా, పసిబిడ్డను ఎత్తుకోవాలంటే మోచేతులతోనే ఎత్తుకునేది. బిడ్డకు టీకా వేయించే రోజున కూలి వదులుకోవలసిందే. యార్డు గంట, టీకా గంట ఒకటి కాదు కదా.

అన్నింటికంటే నన్ను బాధించేది మా మేనకోడలి రోజు. బీసెంట్ రోడ్డు వైపు ఒక బట్టల దుకాణంలో చీరల విభాగంలో పనిచేస్తుంది. ఉదయం తొమ్మిదిన్నరకు వేలు నొక్కి లోపలికి వెళుతుంది, రాత్రి తొమ్మిదిన్నరకు వేలు నొక్కి బయటికి వస్తుంది. మీ కార్యాలయం తెరవక ముందే ఆమె లోపలికి వెళ్లిపోతుంది, మీరు మూసి నాలుగు గంటలైనాక బయటపడుతుంది. మీ రోజు మొత్తం ఆమె రోజు కడుపులో పడిపోయింది. ఆషాఢం తగ్గింపులు, శ్రావణం, దసరా, సంక్రాంతి అంటూ వారం సెలవు కూడా చాలాసార్లు ఎగిరిపోతుంది. ఒక కుల ధ్రువీకరణ పత్రం కోసం తండ్రిని పంపింది. ఆయన అయిదో తరగతి దాకా చదివిన మనిషి. దరఖాస్తులో పొరపాటు రాసి ఇచ్చాడు, దిద్దించడానికి మళ్లీ తిరగాలి. ఇంతలో స్కాలర్‌షిప్ గడువు దాటింది, తమ్ముడిది.

ఆ అమ్మాయి పన్నెండు గంటలు నిలబడే ఉంటుంది. కొనేవారు లేనప్పుడు కూడా కూర్చోకూడదు. కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల్లో పనిచేసేవారికి కూర్చునే హక్కును చట్టంలో రాశాయి. మన దగ్గర కూడా అది రావాలి. అది మీ చేతిలో లేదని తెలుసు, కానీ అమరావతి వైపు మీ మాట చేరుతుంది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

పని గంటల మీద చట్టాలు లేవా అంటే చాలా ఉన్నాయి. రోజుకు ఎనిమిది గంటలు అన్న మాట 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ మొట్టమొదటి ఒడంబడికగా నిలిచింది. 1948 ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటలు దాటకూడదన్నది. మా విలేకరులకు 1955 చట్టం నాలుగు వారాలకు 144 గంటలని లెక్క కట్టింది. 2025 జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గం ఫ్యాక్టరీల్లో రోజు పనిని 9 నుంచి 10 గంటలకు పెంచే సవరణకు ఆమోదం తెలిపింది. అదే ఏడాది నవంబరు 21న నాలుగు కార్మిక స్మృతులు (లేబర్ కోడ్‌లు) అమల్లోకి వచ్చాయి. ఈ వార్తలన్నింటికీ నేనే శీర్షికలు పెట్టాను. వీటి మీద నాకున్న అభిప్రాయాలు వేరే రాస్తాను. ఇప్పుడు చెప్పదలచింది ఒక్కటే. ఈ చట్టాలన్నీ ఎన్ని గంటలు అని అడుగుతాయి. ఏ గంటలు అని అడిగే బాధ్యత నగరానిది, అంటే మీది. ఉదయం ఐదు నుంచి పదకొండు, మళ్లీ రెండు నుంచి ఐదు పనిచేసే మనిషికీ, తొమ్మిది నుంచి ఆరు పనిచేసే మనిషికీ గంటల మొత్తం ఇంచుమించు దగ్గరగానే ఉంటుంది. కానీ మొదటి మనిషి ఇంటికి వచ్చి, వండి, తిని, నడుం వాల్చి, మళ్లీ వెళ్లడానికి మూడు గంటలే ఉంటాయి. అందులో రెండు ప్రయాణాలు. అక్క ఆ మూడు గంటలకు జక్కంపూడి వెళ్లి రాలేక మా వీధి రావిచెట్టు కింద గోనెపట్టా పరుచుకుని పడుకుంటుంది. పద్ధెనిమిదేళ్లుగా ఆమె మధ్యాహ్న భోజనం ఆ చెట్టు కిందే.

కేంద్ర గణాంక శాఖ 2019లో, తిరిగి 2024లో దేశమంతటా ప్రజలు తమ సమయాన్ని ఎలా గడుపుతున్నారో సర్వే చేయించింది. ఆరేళ్లు దాటిన ప్రతి ఒక్కరినీ నిన్నంతా ఏం చేశారని అరగంటకు అరగంట చొప్పున అడిగారు. ఆ సర్వేలో రోజు తెల్లవారుజామున నాలుగు గంటలకు మొదలై మర్నాడు నాలుగింటికి ముగుస్తుంది. ఆ ఒక్క వివరం చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పలేను. ఎవరో ఒకరు ఢిల్లీలో కూర్చుని, మనుషుల రోజు నాలుగింటికి మొదలవుతుందని గుర్తించారు. 2024 ఫలితాల్లో, ఇంటి పని చేసే ఆడవాళ్లు దాని మీద రోజుకు 289 నిమిషాలు గడుపుతున్నారని, మగవాళ్లు 88 నిమిషాలని తేలింది. మా వీధి అక్కకు ఆ 289 నిమిషాలు ఎక్కడ సర్దుకోవాలో మీరే చెప్పండి. మూడింటికి లేచి కొంత, రాత్రి ఏడు తర్వాత కొంత. నీళ్లు పట్టుకోవడం, గిన్నెలు, బట్టలు. మీ కౌంటరు పని ఆ రెంటి మధ్య ఎక్కడా పట్టదు.

వేళలు మార్చడం అసాధ్యమని మీరు అనరు. ఎందుకంటే మార్చి చూపించిన అనుభవం మీకే ఉంది. 2025 జూన్ నుంచి రేషను దుకాణాలు నెలలో మొదటి పదిహేను రోజులు ఉదయం ఎనిమిది నుంచి పన్నెండు వరకు, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది వరకు, ఆదివారాలతో సహా తెరుస్తున్నారు. ఆ వేళలు పెట్టిన అధికారి ఎవరో నాకు తెలియదు. ఎవరైనా సరే, వారికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. కూలికి వెళ్లే మనిషి ఎప్పుడు ఇంట్లో ఉంటాడో ఆలోచించి పెట్టిన వేళలవి. 2024 జులై 1న పింఛన్లు ఇవ్వడానికి సచివాలయ సిబ్బంది ఉదయం ఆరింటికే ఇళ్ల తలుపులు తట్టారు. అదే ఏడాది సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు ముఖ్యమంత్రి సహా యంత్రాంగమంతా కలెక్టరేట్‌లోనే మకాం వేసింది, అక్కడ రాత్రి అన్నది లేదు. నేను డెస్కు నుంచి ఫోను చేస్తే రెండింటికి కూడా అవతలి నుంచి సమాధానం వచ్చేది. 2016 ఆగస్టులో పుష్కరాల పన్నెండు రోజులూ ఈ నగరం నిద్రపోకుండా పనిచేసింది. ఇక దసరాకు, మూలా నక్షత్రం నాడు ఇంద్రకీలాద్రి మీద తెల్లవారకముందే జనం బారులు తీరితే, బస్సు, తాగునీరు, పారిశుద్ధ్యం, వైద్యం అన్నీ ఆ వేళకు సిద్ధంగా ఉంటాయి. అమ్మవారి దర్శనానికి వచ్చే భక్తుల కోసం ఏడాదిలో పది రోజులు చేయగలిగినది, ఆ భక్తుల బాట ఊడ్చే మనిషి కోసం వారంలో రెండు సాయంత్రాలు చేయలేరా?

ఇప్పుడన్నీ ఫోనులోనే అయిపోతున్నాయి అంటారు. నిజమే, 2025 జనవరి 30న మన మిత్ర పేరుతో వాట్సాప్‌లో 161 సేవలు మొదలుపెట్టారు. మంచి పని. రాత్రి పదకొండింటికి పేజీల మధ్య దొరికిన పది నిమిషాల్లో నేనే కరెంటు బిల్లు కట్టుకున్నాను. నాలాంటి రాత్రి ఉద్యోగులకు అది వరమే. కానీ వేలిముద్ర వాట్సాప్‌లో పంపలేం. కళ్లు మిషను ముందు పెట్టాలి, పాత పత్రం చూపించాలి, తప్పుగా పడిన అక్షరం ఇది కాదు ఇదని వేలు పెట్టి చెప్పాలి. అవసరం ఎక్కువ ఉన్న మనిషే ఇంకా కౌంటరు దాకా నడవవలసి వస్తోంది. పైగా అక్క దగ్గరున్నది మీట నొక్కే ఫోను.

సిబ్బందికి కష్టం కదా అన్న ప్రశ్న కూడా ఉంది. రాత్రి ఉద్యోగం చేస్తూ పిల్లల ఎదుగుదలను సెలవు రోజుల్లో మాత్రమే చూసిన మనిషిని నేను. ఇంకొకరి సాయంత్రాలు లాక్కోమని అడగను. ఒక్క గంట కూడా అదనంగా వద్దు. వారంలో రెండు రోజులు, ఉదయం పదిన్నరకు బదులు మధ్యాహ్నం ఒంటిగంటకు తెరిచి రాత్రి ఎనిమిదింటికి మూయండి. అదే సిబ్బంది వంతులవారీగా వస్తారు. ఉదయం కాస్త ఖాళీ దొరికితే సంతోషించే ఉద్యోగినులు మీ సచివాలయాల్లోనే ఉంటారు, అడిగి చూడండి. టోకెన్లన్నీ పొద్దున్నే ఇచ్చేయకుండా కొన్ని సాయంత్రం కోసం పక్కన పెట్టమని చెప్పండి. దీనికి జీవో కూడా అక్కర్లేదు, ఒక కాగితం అంటించితే చాలు.

అన్న క్యాంటీనులో 5 రూపాయలకు టిఫిను పెడుతున్నారు, అది పేదవాడి కడుపు తెలిసిన పథకం. కానీ ఏడున్నరకు మొదలయ్యే టిఫిను ఐదింటికి మస్టరు వేసుకునే మనిషికి అందదు. ఏడున్నరకు ఆమె వీధి మధ్యలో ఉంటుంది, చీపురు వదిలి క్యాంటీనుకు వెళ్లలేదు. మార్కెట్టు దగ్గర, బస్టాండు దగ్గర ఉన్న ఒకటి రెండు చోట్లయినా నాలుగున్నరకు తలుపు తెరిచి వేడి ఇడ్లీ పెట్టి చూడండి, ఎంతమంది వస్తారో. ఖాళీ కడుపుతో టీ తాగి ఆరు గంటలు వంగి ఊడ్చిన తర్వాత తినే మొదటి ముద్ద ఎలా ఉంటుందో అక్క చెప్పింది. మొదట వికారం వస్తుందట, తర్వాతే ఆకలి తెలుస్తుందట.

బస్సుల వారితో మీరే మాట్లాడాలి. స్త్రీలకు ఉచిత ప్రయాణం 2025 ఆగస్టు 15న ఈ నగరంలోనే మొదలుపెట్టారు. ఉచితమే, కానీ బస్సు ఉన్నప్పుడు. జక్కంపూడి, వాంబే కాలనీ, పాయకాపురం వైపు నుంచి నాలుగింటికి ఒక్కొక్క బస్సు, దుకాణాలు మూసేవేళకు బీసెంట్ రోడ్డు నుంచి శివార్లకు ఒక్కొక్క బస్సు ఉంటే ఆ పథకం ఎవరి కోసం పెట్టారో వారికే చేరుతుంది. బస్సు నిండదని అనుమానముంటే నాతో రండి. రాత్రి తొమ్మిదీ నలభైకి ఆటోల కోసం నిలబడే ఆడపిల్లలను నేను చూపిస్తాను. ముగ్గురు కూర్చునే ఆటోలో ఎనిమిది మంది ఎక్కడం మీరూ చూస్తారు.

ఇవన్నీ నా ఒక్కడి అరుగు మీద నుంచి కనిపించినవి. 64 డివిజన్లలో ఇంకెన్ని ఉన్నాయో మీరే తెలుసుకోవాలి. వార్డు సచివాలయాలు 2019 అక్టోబరు 2న మొదలైన నాటి నుంచి మా ఇంటికి ఎన్నో సర్వేలు వచ్చాయి. ఎంతమంది ఉంటారు, ఎంత సంపాదిస్తారు, గ్యాసు ఉందా, టీవీ ఉందా అన్నీ అడిగారు. మీరు ఎన్నింటికి పనికి వెళతారు, ఎన్నింటికి ఇంటికి వస్తారు అని ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు. రెండే ప్రశ్నలు. ఆ జవాబులు డివిజన్ల వారీగా ఒక పట్టికగా వేసి, కౌన్సిలు సమావేశంలో బల్ల మీద పెట్టండి. ఏ వీధికి కుళాయి నీళ్లు ఎప్పుడు వదలాలో, ఏ సచివాలయం ఏ సాయంత్రం తెరవాలో ఆ పట్టికే చెబుతుంది. ప్రశ్నలు అడగడానికి వచ్చేవారు మాత్రం పగలు పదకొండింటికి రావద్దు. ఆ వేళకు వస్తే తాళాలు లెక్కపెట్టుకుని వెళ్లాలి.

వీలైతే ఒక రోజు ఉదయం ఐదింటికి మా కూడలిలో మస్టరు దగ్గరికి రండి. తనిఖీకి కాదు, కబురు చేయకుండా, మామూలుగా రండి. చలికాలంలో ఆ వేళ వాళ్లు తలకు తువ్వాలు చుట్టుకుని, ముఖం ఫోనుకు చూపించి హాజరు వేయించుకుంటారు. వెలుతురు చాలకపోతే పక్కనున్న మనిషి టార్చి వేస్తుంది. నేను ఆ రోజు ఇంటికి వెళ్లి పడుకోకుండా అక్కడే ఉంటాను.

వచ్చే మంగళవారం అక్క మళ్లీ ఆ కేంద్రానికి వెళ్లాలి. పెళ్లికి ఇంకా పంతొమ్మిది రోజులుంది. డెస్కు పని అయ్యాక నేను నేరుగా అక్కడికి వెళ్లి వరుసలో మొదట నిలబడతానని, తొమ్మిదింటికి టోకెను తీసి ఫోను చేస్తానని, తన పని మధ్యలో అరగంట దొరికినప్పుడు వస్తే చాలని చెప్పాను. వరుసలో ఎంతసేపైనా నేను నిలబడగలను. వేలు మాత్రం ఆమెదే కావాలి.

ఇట్లు,
సత్యనారాయణపురం నుంచి
ఒక రాత్రి డెస్కు ఉద్యోగి